కొండదారి పట్టే ముందు టైర్లు చూడండి



ఆసుపత్రి పత్రికలో టైర్ల పాఠమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. రక్తపోటుకు మందు రాసినప్పుడు ఉప్పు తగ్గించమని కూడా మేము చెబుతాం. విరిగిన ఎముకకు కట్టు కట్టేవాళ్లం, అది విరగకుండా కాపాడుకునే దారి కూడా చెప్పాలి కదా. అందుకే ఈ నెల ఆరోగ్య పాఠానికి ఈ విషయం తీసుకున్నాం.

రెండు రకాల కుటుంబాలకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఒకటి, ఇక్కడే సూళ్లూరుపేటలో ఉండి సొంత కారులోనో అద్దె బండిలోనో వానల్లో ఘాట్ రోడ్డు ఎక్కేవారు. "టైర్లు ఇంకొన్నాళ్లు వస్తాయి, ఇప్పుడే మార్చాలా?" అన్నది వీరి సందేహం. రెండు, పిల్లలు కెనడాలోనో అమెరికాలోనో ఉన్నవారు. "ఇక్కడ మంచు పడుతుంది, వింటర్ టైర్లు కొనమంటున్నారు, చాలా ఖర్చు, నిజంగా అవసరమా నాన్నా?" అని పిల్లలు ఫోనులో అడుగుతారు. తండ్రి ఎన్నడూ మంచు మీద బండి తోలినవాడు కాడు. ఏం చెప్పాలి?

రెండు ప్రశ్నలకూ జవాబు వెతికే పద్ధతి ఒక్కటే. భయపడి కొనకూడదు, ఖర్చుకు వెనుదీసి మానకూడదు. ఎక్కడికి వెళ్తున్నాం, ఏ కాలంలో వెళ్తున్నాం, ఎన్నిసార్లు వెళ్తున్నాం, టైరు ఏ స్థితిలో ఉంది అన్న నాలుగు సంగతులు చూసి నిర్ణయించుకోవాలి.

1. టైరు చేసే పని

కారు ఎంత పెద్దదైనా రోడ్డును తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కో చోట తాకే భాగం దాదాపు మన అరచేయంత ఉంటుంది. బండి ముందుకు పోవడం, మలుపు తిరగడం, ఆగడం, అన్నీ ఆ నాలుగు అరచేతుల పట్టు మీదే జరుగుతాయి. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. బండిని ఆపేది మాత్రం టైరుకు, రోడ్డుకు మధ్య ఉన్న పట్టు. ఆ పట్టు పోతే బ్రేకు ఎంత బాగున్నా చక్రం ఆగుతుంది, బండి జారుతూనే ఉంటుంది.

2. నీళ్లలో ఏమవుతుంది

టైరు మీద ఉండే గాడులు అందం కోసం కాదు. రోడ్డు మీది నీటిని పక్కలకు తోసేయడానికి అవి కాలువల్లా పనిచేస్తాయి. కొత్త కారు టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అరిగే కొద్దీ కాలువ పూడిపోయినట్టే. అప్పుడు నీరు పక్కకు పోలేక టైరు కింద పొరలా నిలుస్తుంది. వేగం కూడా ఎక్కువైతే బండి రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. స్టీరింగు తిప్పినా చక్రం మాట వినదు.

పొడి రోడ్డు మీద అరిగిన టైరు కూడా బాగానే పట్టుకుంటుంది. అందుకే ఎండాకాలమంతా నడిచిన టైరును చూసి "ఇది చాలా మంచిది" అనుకుంటాం. దాని అసలు సంగతి మొదటి పెద్ద వానకు బయటపడుతుంది.

3. చలిలో ఏమవుతుంది

రబ్బరు వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో బిగుసుకుపోయి, రోడ్డును పట్టుకునే గుణం తగ్గుతుంది. వింటర్ టైరును అంత చలిలో కూడా మెత్తగా ఉండే రబ్బరుతో చేస్తారు. దాని మీద పెద్ద గాడులతో పాటు సన్నని కత్తిగాట్ల వంటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి. అవి మంచును కరుచుకుంటాయి. అదే టైరును మన సూళ్లూరుపేట మే నెల ఎండలో వాడితే త్వరగా అరిగిపోతుంది. కాబట్టి మన ఊళ్లో వింటర్ టైరు అనే మాటే అక్కరలేదు. మనకు కావలసింది వానను తట్టుకునే మంచి మామూలు టైరు.

4. మన ప్రాంతపు ప్రమాద కాలం

మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. సెలవులు, పెళ్లిళ్లు, క్రిస్మసు ప్రయాణాలు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. 2021 నవంబరులో తిరుపతిలో కుండపోత వానలు పడి ఘాట్ రోడ్లు మూసివేశారు. ఆ డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు విరిగిపడ్డాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు సూళ్లూరుపేట దగ్గర జాతీయ రహదారి మీదికే నీరు వచ్చి రాకపోకలు ఆగిన సంగతి మనమంతా చూశాం.

మనవాళ్లు వెళ్లే కొండదారులు కొన్ని ఉన్నాయి. టాక్సీ నడిపేవారు తిరుమల ఎక్కుతారు. బెంగళూరులో పిల్లలున్నవారు చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ మీదుగా పోతారు. పీలేరు వైపు వెళ్లేవారికి భాకరాపేట ఘాట్ తగులుతుంది. యువజనులు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కు విహారయాత్ర పెట్టుకుంటారు. ఈ దారులన్నిటిలో మలుపు, వాలు, వాన మూడూ ఒకేసారి కలుస్తాయి. చదునైన రోడ్డు మీద జారితే పొలంలోకి పోతాం. ఘాట్‌లో జారితే పక్కన ఉండేది లోయ.

5. కొలిచి చూడండి

టైరు బాగుందా లేదా అన్నది చూపుతో తేల్చవద్దు. జ్వరాన్ని చెయ్యి పెట్టి చూస్తాం, అయినా థర్మామీటరు పెడతాం. ఇక్కడ కూడా అంతే.

లోతు: టైరు గాడి అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. మన దేశంలో కారుకు చట్టం ఒప్పుకునే కనీసపు లోతు అదే. కాని చట్టం ఒప్పుకున్నంత మాత్రాన వానలో ఘాట్ ఎక్కడానికి అది చాలదు. 3 మిల్లీమీటర్లకు వచ్చిన టైరును వానకాలానికి ముందే మార్చడం మంచిదని నిపుణుల సలహా. కొలవడానికి పరికరం లేకపోతే ఒక అగ్గిపుల్లను గాడిలో నిలబెట్టి, గోటితో గుర్తు పట్టి, పిల్లల స్కేలు మీద పెట్టి చూడండి. లోపలి వైపు, మధ్యలో, బయటి వైపు మూడు చోట్లా కొలవండి. ఒక వైపే అరిగి ఉంటే అలైన్‌మెంటు తప్పిందని అర్థం. అది సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరుగుతుంది.

వయసు: టైరు పక్కభాగం మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైందని. వాడినా వాడకపోయినా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, ఎండలో నిలిపిన బండికి ఇంకా త్వరగా. అయిదేళ్లు దాటిన టైరును ఏటా టైరు తెలిసినవారికి చూపించాలి. పదేళ్లు నిండితే గాడి లోతు ఎంత ఉన్నా తీసేయాలి. ఇంట్లో ఎక్కువగా నిలిపి ఉంచే కారు విషయంలోనే ఇది మరిచిపోతాం. తిరగని బండి టైరు కొత్తగా కనబడుతుంది, లోపల మాత్రం ఎండిన తోలులా అయి ఉంటుంది.

దెబ్బలు: పక్కభాగం మీద ఉబ్బు గాని, చీలిక గాని, దారాలు కనబడటం గాని ఉంటే ఆ టైరుతో ఊరు దాటవద్దు.

గాలి: బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు దగ్గరి కాగితం మీద రాసి ఉంటుంది. అయిదుగురు ఎక్కి సామాను కూడా వేస్తే ఎంత పెట్టాలో కూడా అక్కడే ఉంటుంది. స్టెప్నీకి కూడా గాలి చూపించండి. చాలా బండ్లలో అవసరం పడిన రోజునే స్టెప్నీలో గాలి లేదని తెలుస్తుంది.

6. కొనాలా, వద్దా

ఇప్పుడు కొన్ని ఉదాహరణలు చూద్దాం.

ఒక కుటుంబం కారు ఊళ్లోనే తిరుగుతుంది, దూరమంటే నాయుడుపేట దాకా. గాడి 4 మిల్లీమీటర్లు, టైరు వయసు మూడేళ్లు. వీరు ఇప్పుడు కొనక్కరలేదు. నెలకు రెండుసార్లు గాలి చూపిస్తే చాలు.

ఇంకొక కుటుంబం బెంగళూరులో ఉన్న కూతురి దగ్గరికి డిసెంబరులో వెళ్లాలి. గాడి రెండున్నర మిల్లీమీటర్లు. పొడి రోజుల్లో ఇంకో ఆరు నెలలు నడిచే టైరే. అయినా వీరు మార్చుకోవాలి. ఎలాగూ ఆరు నెలల తరువాత పెట్టే ఖర్చును ముందుకు జరుపుతున్నారు, అంతే. పోయేది ఆరు నెలల అరుగుదల మాత్రమే.

మూడో ఆయన టాక్సీ నడుపుతారు, వారంలో నాలుగు రోజులు తిరుమల ఎక్కి దిగుతారు. ఈయన ఏటా సెప్టెంబరులో టైర్లు కొలిచి, 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే వానలకు ముందే మార్చడం అలవాటు చేసుకోవాలి. ఇది ఆయన కూలి పనిముట్టు. దాని ఖర్చును బాడుగలో లెక్కవేసుకోవడం తప్పు కాదు.

నాలుగు టైర్లకు డబ్బు చాలకపోతే రెండే కొనండి, కాని ఆ రెండు కొత్తవీ వెనుక చక్రాలకు వేయించండి. ముందు చక్రాలు తిరుగుతాయి కాబట్టి కొత్తవి ముందు ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి తడి మలుపులో వెనుక చక్రాలు జారితే బండి గిరుక్కున తిరిగిపోతుంది, డ్రైవరు చేయగలిగింది ఉండదు. ముందు చక్రాలు జారితే కనీసం వేగం తగ్గించి సర్దుకోవచ్చు.

అరిగిన టైరుకు కొత్తగా గాడులు చెక్కి తక్కువ ధరకు ఇస్తామంటే కారుకు తీసుకోవద్దు. గాడి లోతుగా కనబడుతుంది, దాని కింద మిగిలిన రబ్బరు పలచబడి ఉంటుంది.

సొంత బండి లేనివారు ఈ పాఠం మాకెందుకని అనుకోకండి. అద్దె బండిలో వెళ్లేటప్పుడు కూడా టైరు మన ప్రాణాల కిందే ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లూ స్టెప్నీ చూడండి. మొహమాటపడకండి. "పిల్లలను తీసుకుపోతున్నాం అన్నా, ఒకసారి టైర్లు చూస్తాం" అంటే మంచి యజమాని ఎవరూ కోపగించుకోరు. యువజనుల యాత్రకు బండి మాట్లాడే పెద్దలు దీన్ని తమ బాధ్యతగా తీసుకోవాలి.

మోటారు సైకిలు, స్కూటరు వాడేవారికి ఒక మాట. కారు ఒక చక్రం జారినా మూడింటి మీద నిలుస్తుంది. మీకు ఆ అవకాశం లేదు. నున్నబడిన టైరుతో తడి రోడ్డు ఎక్కకండి, హెల్మెట్టు లేకుండా అసలే ఎక్కకండి.

7. మంచు దేశాల్లో ఉన్న మన పిల్లలకు

"వింటర్ టైర్లు కొనాలా?" అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. మీ అబ్బాయో అమ్మాయో ఎక్కడ ఉన్నారన్నది మొదట అడగండి.

కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియాలో అక్టోబరు 1 నుండి చలికాలం చివరి దాకా చాలా కొండ రహదారుల మీద అవి ఉండాలి, గాడి లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉండాలి. అక్కడ ఉన్నవారికి ఇక ఆలోచించేది లేదు, కొనవలసిందే. మన తెలుగువారు ఎక్కువగా ఉన్న టొరంటో, బ్రాంప్టన్ వైపు, అంటే ఒంటారియోలో, చట్టం బలవంతం చేయదు. కాని నెలల తరబడి చలి 7 డిగ్రీల కింద ఉండే చోటు అది. రోజూ కారులో పనికి వెళ్లేవారు కొనడమే మేలు. 2016 జనవరి నుండి అక్కడి బీమా కంపెనీలు వింటర్ టైర్లు వేసినవారికి బీమా సొమ్ములో తగ్గింపు ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. అది అడిగి తీసుకొమ్మని చెప్పండి.

అమెరికాలో డల్లాస్‌లో ఉన్నవారికి ఏడాదికి ఒకటి రెండు రోజులు మంచు పడవచ్చు. ఆ రోజు బండి తీయకుండా ఇంట్లో ఉండటమే చవకైన, క్షేమమైన మార్గం. కాలిఫోర్నియాలో శాన్ హోసే వైపు ఉన్నవారి సంగతి వేరు. వారి ఊళ్లో మంచు లేదు, కాని చలికాలంలో లేక్ తాహో కొండలకు మంచు చూడటానికి వెళ్తారు. అక్కడ మంచు పడినప్పుడు రోడ్ల శాఖవారు దారిలో ఆపి, చక్రాలకు ఇనుప గొలుసులు వేసుకోమంటారు. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవారు వింటర్ టైర్లు కొననక్కరలేదు. తమ టైరు కొలతకు సరిపోయే గొలుసులు కొని, ఇంటి ముందరే ఒకసారి వేసి చూసుకుని బయలుదేరాలి. అద్దె కారయితే గొలుసులు వేయడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగాలి. కొలరాడోలో డెన్వరు నుండి పడమటి కొండల్లోకి ప్రతి వారం వెళ్లేవారయితే వింటర్ టైర్లే సరి.

కొనేవారికి మూడు జాగ్రత్తలు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పువ్వు గుర్తు ఉందేమో చూడాలి. మంచు పరీక్షలో నెగ్గిన టైరుకే ఆ గుర్తు ఉంటుంది. రెండవది, నాలుగు చక్రాలకూ వేయాలి, రెండింటికి వేస్తే బండి అదుపు తప్పే ప్రమాదం ఎక్కువ. మూడవది, "నా కారుకు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుంది, నాకెందుకు?" అన్న ధీమా వద్దు. అది బండి కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. మంచు మీద ప్రాణం నిలిపేది ఆగడమే.

ఖర్చు సంగతి కూడా చెప్పండి. వింటర్ టైర్లు నడిచినన్ని నెలలు మామూలు టైర్లు గదిలో విశ్రాంతి తీసుకుంటాయి. రెండు జతలూ కలిసి ఎక్కువ ఏళ్లు వస్తాయి. పైకి కనబడే ఖర్చంతా నష్టం కాదు.

8. టైరు చేయలేని పని

కొత్త టైరు కొన్నాక ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. అదే ధైర్యం. వేగం రెండింతలైతే బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆగే చోటుకు నాలుగు రెట్ల దూరం 80లో కావాలి. ఈ లెక్కను ఏ టైరూ మార్చలేదు.

తిరుమలలో 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. అక్కడ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టారు. దిగడానికే ఎక్కువ సమయం పెట్టడం గమనించండి. ఎక్కేటప్పుడు కొండే బండిని వెనక్కు లాగుతుంది. దిగేటప్పుడు లాగేవారెవరూ లేరు. 2022 మార్చి 26 రాత్రి భాకరాపేట ఘాట్‌లో ధర్మవరం నుండి నిశ్చితార్థానికి వస్తున్నవారి బస్సు లోయలో పడి పలువురు చనిపోయారు. అలాంటి వార్త విన్న వారం రోజులు అందరం నెమ్మదిగా తోలుతాం, తరువాత మరిచిపోతాం.

కనుక ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి, న్యూట్రల్‌లో ఎప్పుడూ వద్దు. బ్రేకు మీద అదేపనిగా కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. తడి మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపు మధ్యలో బ్రేకు గట్టిగా తొక్కకండి. వాన మరీ ఎక్కువైతే కొండ దిగువనే ఆగి టీ తాగండి. గంట ఆలస్యమైనా ఎదురుచూసేవాళ్లు అర్థం చేసుకుంటారు.

గుర్తుంచుకోవలసినవి

ప్రతి సెప్టెంబరులో టైరు గాడి కొలవండి. 3 మిల్లీమీటర్లకు వస్తే, వానలో కొండదారి ఉంటే, మార్చండి.

నాలుగు అంకెలు చూసి టైరు వయసు తెలుసుకోండి.

రెండే కొంటే కొత్తవి వెనుక చక్రాలకు.

అద్దె బండి టైర్లు అడ్వాన్సుకు ముందే చూడండి.

మంచు దేశంలోని పిల్లలను ఊరు, ప్రయాణాలు అడిగి సలహా చెప్పండి. రోజూ మంచులో తోలేవారికి నాలుగు వింటర్ టైర్లు. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవారికి గొలుసులు. ఒకటి రెండు రోజుల మంచుకు ఇల్లే మేలు.

చిన్న కారుకు నాలుగు టైర్లంటే మనలో చాలామందికి తేలికైన ఖర్చు కాదని మాకు తెలుసు. అందుకే అవసరం లేనివారిని కొనమని చెప్పలేదు. కొలిచి చూడటానికి మాత్రం ఖర్చేమీ లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక అగ్గిపుల్ల, పిల్లల స్కేలు తీసుకుని బండి దగ్గర పది నిమిషాలు కూర్చోండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. రేపు బండి తోలేది వాళ్లే.